ఊరు లేనివానికి ఇల్లు

మన పల్లెలలో రచ్చబండ కడకు క్రొత్త మనుష్యుడెవడైన వచ్చినచో పెద్దలు మొదట నడుగు మాట “ఏ ఊరు నాయనా?” అనునదియే. పేరును, వచ్చిన పనియును ఆ తరువాతి సంగతులు. ఆ ప్రశ్నలో ఆదరమును గలదు, ఆరా తీయు గుణమును గలదు. సమాధాన మెట్టిదైనను బాటసారికి దాహమునకు నీళ్లు దొరకక పోవు (అందరికిని ఒకే పాత్రతో దొరకవను మాట వేరు). ఇంగ్లండు దేశమున నిదే ప్రశ్నను రెండు వందల యేండ్లకు పైగా న్యాయాధికారులు ప్రమాణము చేయించి మరి యడిగిరి. దానికి వచ్చిన సమాధానమును బట్టియే పేదవానికి రొట్టెయు, తల దాచుకొనుటకు చోటును, ఒక్కొక్కప్పుడు ఆలుబిడ్డలతో కలిసియుండు భాగ్యమును నిర్ణయమగుచుండెను.

ఆ దేశపు స్థానిక ప్రభుత్వములు గృహనిర్మాణమునకై వెచ్చించిన ధనమును గూర్చియు, ఇల్లు లేనివారి యెడల అవి ప్రవర్తించిన తీరును గూర్చియు చరిత్రకారులు సామాన్యముగా వేర్వేరు గ్రంథములు వ్రాయుచుందురు. ఆ రెండు పనులును వేర్వేరు కచేరీలలో, వేర్వేరు చట్టముల క్రింద, వేర్వేరు మనుష్యులను దృష్టియందుంచుకొని జరిగినవి గనుక అట్లు వ్రాయుట సహజమే. ఇల్లు కట్టుటకు ధనమిచ్చు కచేరీ అద్దె చెల్లింపగలవానిని వెదకెను. ఇల్లు లేనివానిని విచారించు కచేరీ వానిని పంపివేయదగిన ఊరిని వెదకెను. ఈ రెండు కచేరీల నడుమ నున్న గోడ యెట్లు లేచెనో, మూడు శతాబ్దముల పిమ్మట నెట్లు సగము కూలెనో తెలిసికొననిదే ఆ దేశపు గృహనీతి మనకు బోధపడదని నా యభిప్రాయము.

పదునారవ శతాబ్దపు ఇంగ్లండులో దేశదిమ్మరులన్న ప్రభువులకు గలిగిన భయము ఇంతింతనరానిది. మఠములు మూతపడెను, సాగుభూములు కొన్నియెడల గొఱ్ఱెల మేతకై కంచెలు వేయబడెను, ధాన్యపు ధరలు పెరిగెను, పని వెదకుకొనుచు బాటలు పట్టినవారు వేలకు వేలుగా నుండిరి. 1547లో చేయబడిన చట్టము పనిలేక తిరుగువాని రొమ్మున ‘వి’ యను అక్షరమును కాల్చి ముద్రవేసి, వానిని రెండేండ్లు బానిసగా నొకని కప్పగింపవలెనని విధించెను. అంత క్రూరమైన శాసనమును నడపుటకు గ్రామాధికారులకే చేతులు రాలేదు కాబోలు, కొలది కాలములోనే దానిని రద్దుచేసిరి. 1589లో మరియొక చట్టము, నాలుగెకరముల భూమి చేర్చనిదే క్రొత్త కుటీరమును కట్టరాదనెను. భూమిలేనివాడు గుడిసె వేసికొన్నచో రేపు ఊరికి భారమగునన్న శంక దానికి మూలము. ఇట్లు ఒక చేత గుడిసెను నిషేధించి, రెండవ చేత గుడిసె లేనివానిని శిక్షించు రాజ్యమునకు తుదకు 1601లో ఎలిజబెత్తు రాణి కాలపు పేదల చట్టముతో కొంత బుద్ధి కుదిరినది.

ఆ చట్టము ప్రకారము ప్రతి పారిష్‌నందును, అనగా ఒక్కొక్క చర్చి పరిధిలోని గ్రామమునందును, పేదల విచారణకర్తలు నియమింపబడి, ఊరివారిపై పన్ను విధించి, ఆ ధనముతో అశక్తులను పోషింపవలెను. అంతకంటె ముఖ్యముగా, జమీందారు సమ్మతితో గ్రామపు పోరంబోకు భూమిలో పన్నుల సొమ్ము వెచ్చించి అశక్తులైన పేదలకు ఇండ్లు కట్టించు అధికారమును ఆ కర్తలకు లభించినది. స్థానిక ప్రభుత్వము పేదకు ఇల్లు కట్టియిచ్చుట యను ఆలోచనకు ఆ దేశమున నిదియే ఆదిరూపమనవచ్చును. వితంతువుల యింటియద్దెలు, కారుచున్న కప్పునకు గడ్డి, చలికాలమున వంటచెరకు, పిల్లలకు జోళ్లు అను ఖర్చులు ఆ విచారణకర్తల లెక్కపుస్తకములలో వరుసగా కనబడును. ఊరి పన్ను ఊరి పేదకు చెందుట, ఇచ్చువాడు పుచ్చుకొనువానిని స్వయముగా నెరిగియుండుట యను ఈ యేర్పాటులో ఒక వెచ్చదనము లేకపోలేదు. చిక్కంతయు ‘ఊరి పేద’ యన నెవడను విషయమున వచ్చినది.

1662లో పార్లమెంటు ఆ చిక్కును విప్పబోయి మరింత బిగించెను. ఏడాదికి పది పౌనులకు తక్కువ అద్దెగల యింట దిగిన క్రొత్తవాడెవడైన ముందుముందు ఊరికి భారము కావచ్చునని తోచినచో, వాడు వచ్చిన నలువది దినములలోపల విచారణకర్తలు ఫిర్యాదు చేయవచ్చును. ఇద్దరు న్యాయాధికారులు వానిని విచారించి, వాని స్వగ్రామమునకు పంపివేయవచ్చును. వాడు భిక్ష మడుగనక్కరలేదు, తప్పు చేయనక్కరలేదు. అడుగునేమోనన్న యనుమానమే చాలును. స్వగ్రామమును నిర్ణయించుటకు పుట్టుక, తండ్రి యూరు, స్త్రీకి పెనిమిటి యూరు, ఏడాదిపాటు చేసిన కొలువు, నేర్చుకొన్న వృత్తి మొదలైన సూత్రములు పెరిగి పెరిగి న్యాయవాదులకు తరములకొలది జీవనోపాధి యయ్యెను. ఒక ముసలమ్మను ఏ యూరు పోషింపవలెనను వ్యాజ్యమునకు రెండు గ్రామములు వెచ్చించిన సొమ్ముతో ఆమెను చచ్చువరకు సుఖముగా పోషింపవచ్చునను మాట ఆ కాలమున పెక్కు సందర్భములలో నిజమే.

అక్రమసంతానము పుట్టిన యూరికే చెందునను సూత్రము వలన జరిగిన ఘోరములు చెప్పదగినవి కావు గాని చెప్పక తీరదు. నిండుచూలాలైన అవివాహిత యొకతె ఊరిలో కనబడినచో, ప్రసవము తమ పొలిమేరలో జరిగెనా ఆ బిడ్డ తమ పన్నుపై పడునని, నొప్పులు పడుచున్నదానినైనను బండిలో వేసి పొలిమేర దాటించిన యుదంతములు కలవు. 1697 నాటి చట్టము ఊరి సహాయము పొందు పేదలందరును కుడిభుజముపై ‘పి’ యను అక్షరమును, దానిప్రక్క తమ పారిష్ పేరు మొదటి యక్షరమును ఎఱ్ఱని లేక నీలపు గుడ్డతో కుట్టుకొని తిరుగవలెనని శాసించెను; ఆ విధి 1810 వరకు పుస్తకములయందు నిలిచినది. ఆడమ్ స్మిత్తు 1776లో ప్రకటించిన తన అర్థశాస్త్ర గ్రంథమున ఈ స్వగ్రామ విధిని తీవ్రముగా ఖండించెను. పని ఉన్నచోటికి మనుష్యుడు పోలేకపోవుట దేశసంపదకే హానియని ఆయన వాదము. 1795లో పార్లమెంటు కొంత తగ్గి, నిజముగా సహాయము కోరినవానినే గాని అనుమానముతో నెవ్వరినిని పంపరాదనెను.

ఈ విధానమునుండి గృహములకు గలిగిన కీడును గూర్చి తగినంతగా తలచువారు తక్కువ. పన్ను ఊరిది, పేద ఊరివాడు. కావున పేదలు లేని ఊరిలో పన్నును లేదు. ఊరంతయు నొక్క భూస్వామి చేతిలో నున్నచోట అతడు కూలీల కుటీరములను పడగొట్టించి, క్రొత్తవి కట్టనీయక, తన పొలమునకు కావలసిన కూలీలను ప్రక్క ఊరినుండి ప్రతిదినమును నడిపించుకొనుచుండెను. అట్టి గ్రామములను ‘మూసిన పారిష్‌లు’ అనిరి. కూలీలు తెల్లవారకముందే మూడు నాలుగు మైళ్లు నడిచి వచ్చి, చీకటిపడిన పిమ్మట మరల నడిచిపోయి, అట్టి భూస్వామి లేని ఇరుకైన ‘తెరచిన’ గ్రామములలో ఒక్కొక్క గదికి ఒక్కొక్క సంసారముగా తలదాచుకొనిరి. పేదను పోషించుటకై పుట్టిన పన్నే పేదవాని యిల్లు కూల్చుటకు కారణమైన ఈ వైపరీత్యము, ఖర్చును ఒక్కొక్క పారిష్‌పై గాక అనేక పారిష్‌లు చేరిన సమాఖ్య యంతటిపై సమముగా పంచిన 1865 చట్టము వరకు సాగెను. స్థానిక ప్రభుత్వమునకు భారమును మాత్రమప్పగించి ధనమును దాని పొలిమేరకే పరిమితము చేసినచో నేమగునో తెలియగోరువారికి ఇంతకన్న మంచి యుదాహరణము నాకు తోచుట లేదు.

ఇచ్చట మన దేశమునకు సంబంధించిన ముచ్చటయొకటి కలదు. పందొమ్మిదవ శతాబ్దమున రైలుమార్గముల పని ముగిసిన తెల్ల కూలీలు, ఓడలు విడిచిన నావికులు, పని పోయిన సైనికులు భారతదేశపు పట్టణములలో దేశదిమ్మరులై తిరుగుచుండుట దొరతనమువారికి తలవంపుగా తోచెను. పాలకజాతివాడు చేయిచాచుట ప్రజల కంటబడరాదు గదా! అందుచేత 1874లో ఐరోపావాసులైన దిమ్మరులకు ప్రత్యేకముగా నొక చట్టముచేసి, వారిని పనిశాలలలో నుంచి, పని దొరకనిచో ఓడ యెక్కించి స్వదేశమునకు పంపుటకు వీలు కల్పించిరి. పారిష్ పొలిమేర సముద్రములు దాటి వచ్చినదన్నమాట.

ఇంగ్లండులోనే 1834లో పేదల చట్టమును తిరుగ వ్రాసినవారు ఇంటియొద్ద సహాయము పొందుటను వీలైనంతవరకు మాన్పించి, వర్కుహౌసు అను పెద్ద పనిశాలలో చేరినవానికే అన్నమను నీతిని స్థాపించిరి. అందలి జీవనము బయటి నికృష్టుడైన కూలివాని జీవనముకన్న ఆకర్షణీయముగా నుండరాదనునది వారి మూలసూత్రము. భర్త యొకవైపు, భార్య యొకవైపు, పిల్లలు వేరొకవైపు. పోరంబోకు భూములలో పూర్వులు కట్టించిన పారిష్ ఇండ్లను పలుచోట్ల అమ్మివేసి, వచ్చిన ధనమును ఈ క్రొత్త కట్టడములకు వినియోగించిరి. రెండువందల యేండ్లపాటు కొద్దిగానో గొప్పగానో నిలిచిన గ్రామ గృహదానము అట్లు రాతిగోడల క్రింద కప్పబడినది.

ఏ యూరును లేక బాటలపై తిరుగువారికి వర్కుహౌసు ప్రక్కనే ‘కాజువల్ వార్డు’ అను వేరు కొట్టము ఉండెను. దిమ్మరులు దానిని ‘స్పైక్’ అనిరి. సాయంకాలము వరుసలో నిలిచి, స్నానము చేసి, బట్టలు అప్పగించి, రొట్టెయు గంజియు పుచ్చుకొని పరుండవలెను. మరునాడు రాళ్లు కొట్టుటయో, తారుపట్టిన పాతత్రాళ్లను వ్రేళ్లతో పీచుగా విప్పుటయో చేసి ఋణము తీర్చవలెను. 1882 చట్టము తరువాత మరునాటి పగలంతయు పనిచేసి, మూడవనాటి ఉదయము తొమ్మిది గంటలకు గాని బయటికి పోరాదు. నెల తిరుగకుండ అదే వార్డునకు మరల వచ్చినచో నిర్బంధ మింకను హెచ్చు. పని వెదకుకొనవలసినవానిని పని దొరకు వేళకు లోపల బంధించుట యెంత వివేకమో పాఠకులే యూహింపగలరు. 1866లో జేమ్సు గ్రీన్‌వుడ్ అను పత్రికారచయిత దిమ్మరి వేషముతో లాంబెత్తు వార్డులో ఒక రాత్రి గడిపి వ్రాసిన వ్యాసములు లండనును కలవరపరచెను. మన బీహారు మోతీహారిలో జన్మించిన జార్జి ఆర్వెల్లు 1931లో ‘ది స్పైక్’ అను వ్యాసమును వ్రాయునాటికిని ఆ వ్యవస్థ మూలమున మారలేదు. స్పైక్‌నకు పోనొల్లక చెట్టుక్రిందనో గడ్డివాములోనో పరున్నవానికి 1824 నాటి దిమ్మరుల చట్టము సిద్ధముగా నుండెను. జీవనాధారము కనబడక ఆరుబయట నిదురించుట దాని దృష్టిలో నేరము.

ఇక ఇల్లు కట్టు కచేరీ కథకు వత్తము. కలరా, విషజ్వరములు ధనికుల వీధులకును వచ్చునని తెలిసిన పిమ్మట పట్టణసభలకు మురికివాడల సంగతి పట్టినది. 1869లో లివర్‌పూలు నగరసభ కట్టించిన సెయింట్ మార్టిన్స్ కాటేజీలు ఆ దేశపు నగరసభలు స్వయముగా కట్టిన వాసగృహములలో మొదటివని లెక్కింపబడుచున్నవి. 1868, 1875 సంవత్సరముల చట్టములు చెడిన ఇండ్లను కూల్చు అధికారము నిచ్చినవి. 1890 చట్టము కూల్చినచోట కట్టు అధికారమును గట్టిపరచినది. అధికారమిచ్చినవే గాని లండను ఖజానానుండి ఒక్క షిల్లింగైన ఇచ్చినవి కావు.

ఆ చట్టములకు ఫలముగా లండను తూర్పుభాగమున వెలసిన బౌండరీ ఎస్టేటు చరిత్రను కొంత నిదానముగా చూడవలెను. ఓల్డ్ నికల్ అని పేరుపడిన ఆ బస్తీలో ఇరుకు సందులు, వెలుతురు చొరని పెరళ్లు, అగ్గిపెట్టెలు అంటించి పొట్టపోసికొను తల్లులు, బండ్లపై కూరలమ్మువారు, గాడిదలను ఇంటిలోనే కట్టివేయువారు నుండిరి. ఆర్థర్ మారిసన్ 1896లో వ్రాసిన నవలతో దాని యపకీర్తి దేశమంతటను వ్యాపించినది. అప్పుడప్పుడే యేర్పడిన లండను కౌంటీ కౌన్సిలు దానిని సమూలముగా కూల్చి, ఆ శిథిలములనే నడుమ గుట్టగా పోసి, దానిపై తోటయు వాద్యమండపమును నిర్మించి, చుట్టును చక్రపు ఆకులవలె వీధులు తీర్చి, ఎఱ్ఱయిటుకలతో అందమైన అంతస్తుల ఇండ్లు కట్టించెను. 1900లో యువరాజు వచ్చి ప్రారంభోత్సవము చేసెను. ఆ కట్టడములు నేటికిని నిలిచియున్నవి. వాస్తువిద్యార్థులు వాటిని చూడబోవుచుందురు. పనితనమున వంకపెట్టుటకు లేదు.

అయితే ఆ కూల్చివేతలో నిలువనీడ పోగొట్టుకొన్నవారు 5,719 మంది. వారిలో క్రొత్త ఇండ్లలో కాపురమునకు వచ్చినవారు 11 మందియే యని లెక్కలు చెప్పుచున్నవి. కారణము దుర్మార్గము కాదు, లెక్కల పద్ధతియే. కట్టుబడి వ్యయము పన్ను చెల్లించువారిపై పడక అద్దెలనుండియే తీరవలెనని కౌన్సిలు నియమము చేసికొనెను. అందుచేత అద్దెలు హెచ్చయ్యెను. వారమువారము తప్పక చెల్లింపగల పనివారు, గుమాస్తాలు, పోలీసులు వచ్చి చేరిరి. అగ్గిపెట్టెల తల్లియు, గాడిద యజమానుడును నాలుగు వీధుల అవతలనున్న మరియొక బస్తీలో, మునుపటికంటె ఇరుకుగా సర్దుకొనిరి. ఇల్లు పేదలకని కట్టుట వేరు, పేదవాడు దానిలో ప్రవేశించుట వేరు. మన పట్టణములలో ‘బలహీనవర్గముల’ పేర కట్టబడి, ఏడాది తిరుగకుండ చేతులు మారిన కాలనీలను చూచినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

మొదటి ప్రపంచయుద్ధకాలమున గ్లాస్గో నగరమునకు ఫిరంగుల పనికై జనులు వేలకొలది చేరగా ఇంటి యజమానులు అద్దెలు పెంచిరి. మగవారు కొందరు యుద్ధరంగమున, తక్కినవారు కర్మాగారములలో నుండగా, మేరీ బార్బరు మొదలైన స్త్రీలు అద్దె చెల్లింపు నాపి, జప్తు చేయవచ్చిన బంట్రోతులను పిండి చల్లి తరిమిరి. 1915 చివరకు సుమారు ఇరువదివేల కుటుంబములు ఆ సమ్మెలో చేరినవి. ఆ డిసెంబరుననే పార్లమెంటు అద్దెలను యుద్ధపూర్వపు మట్టమునకు కట్టివేసెను. అద్దె పెరుగనిచోట లాభమునకు ఇల్లు కట్టువాడు ముందుకు రాడు. కావున యుద్ధానంతరము ప్రభుత్వమే ధనము పెట్టవలసి వచ్చినది.

1919లో ఆరోగ్యమంత్రి క్రిస్టఫరు ఆడిసను తెచ్చిన చట్టము అపూర్వమైనది. ఇండ్లు కట్టుటవలన స్థానికసభకు వచ్చు నష్టములో, పన్ను విలువపై పౌనుకొక పెన్నీ చొప్పున వచ్చునంత సొమ్మును సభ భరించిన చాలును. మిగిలినదంతయు ఖజానా భరించును. పొదుపు చేయుటకు సభలకు కారణమే లేకపోయెను. ఇటుకలు, మేస్త్రీలు దొరకక వెలలు ఆకాశమునంటెను. 1921లో పథకమును తెగగోసి ఆడిసనును ఆ శాఖనుండి తొలగించిరి. అయినను ఒక లక్షా డెబ్బదివేల సుమారు ఇండ్లు లేచినవి, ముందువెనుకల తోటలతో. తరువాత నెవిల్ చేంబర్లేను 1923లో ఇంటికి ఏడాదికి ఆరు పౌనుల చొప్పున ఇరువది యేండ్లు, ఒకప్పుడు బొగ్గుగనిలో పనిచేసిన జాన్ వీట్లీ 1924లో తొమ్మిది పౌనుల చొప్పున నలువది యేండ్లు ఇచ్చునట్లు చట్టములు చేసిరి. వీట్లీ సహాయముతో కట్టబడినవి ఐదు లక్షల ఇండ్లు. ఇంత ధనవ్యయము జరిగినను ఆ యిండ్లలో చేరినవారు ముఖ్యముగా స్థిరమైన జీతముగల పనివారే. ఊరు లేనివాడు స్పైక్ యొద్ద వరుసలోనే నిలిచియుండెను.

1930లో ఆర్థరు గ్రీన్‌వుడ్ చేసిన చట్టమున ఒక చిన్న మార్పు కనబడును. దానిని నేను చిన్నదిగా తలపను. అంతవరకు సహాయధనము ఇంటిని లెక్కించి ఇచ్చుచుండగా, అప్పుడు మొదటిసారి మనుష్యుని లెక్కించి ఇచ్చిరి: మురికివాడనుండి లేపి క్రొత్త యింట నిలిపిన ఒక్కొక్క తలకు ఏడాదికి రెండు పౌనుల ఐదు షిల్లింగుల చొప్పున నలువది యేండ్లు. పదిమంది పిల్లలుగల సంసారము కౌన్సిలు గుమాస్తా కంటికి భారముగా గాక రాబడిగా కనబడుటకు ఇట్టి ఉపాయము కావలసివచ్చినది. పదునొకండుగురు మాత్రమే తిరిగివచ్చిన బౌండరీ ఎస్టేటు పాఠమును నేర్చుకొనుటకు ముప్పది యేండ్లు పట్టినదన్నమాట.

రెండవ యుద్ధము బాంబులతో ఇండ్లను కూల్చెను. 1946 వేసవిలో ఇల్లు దొరకని సైనికులును వారి కుటుంబములును ఖాళీపడిన సైనికశిబిరములలో తమంతట తామే ప్రవేశించి, రేకుల గుడిసెలకు తెరలు కట్టి కాపురములు పెట్టిరి. శరత్కాలమునకు వేయికి పైగా శిబిరములలో నలువదివేల మందికి పైగా నుండిరి. స్థానికసభలు మొదట కసరి, పిమ్మట నీళ్లగొట్టములు వేయించి, తుదకు వారియొద్దనే అద్దె వసూలు చేసికొనెను. 1948లో జాతీయసహాయ చట్టము పేదల చట్టమింక నుండదని మొదటి నిబంధనలోనే ప్రకటించెను. మూడున్నర శతాబ్దముల శాసనము ఒక్క వాక్యముతో పోయినది. పోయినదన్నంత సులభముగా గోడలు పోలేదు. అదే చట్టము మూడవ భాగమున, ముందుగా ఊహింపరాని కారణముచే ఇల్లు పోయినవారికి తాత్కాలికాశ్రయము నిచ్చు విధిని సంక్షేమశాఖల కప్పగించెను. గృహనిర్మాణము మరియొక శాఖయందును, చాలచోట్ల మరియొక సభయందును ఉండెను. వరదయు అగ్నిప్రమాదమును ఊహింపరానివే. యజమాని వెళ్లగొట్టుట ముందు ఊహింపదగినదే గదా యని సంక్షేమశాఖలు తప్పించుకొనజూచెను. ఆశ్రయమిచ్చినది పలుచోట్ల పాత వర్కుహౌసు కట్టడములలోనే. తల్లియు పిల్లలును లోపల, తండ్రి వెలుపల. కెంటు మండలపు కింగ్ హిల్ ఆశ్రయములో 1965-66లో భర్తలు భార్యలను విడిచి వెలుపలికి పోమని మొండికెత్తి నిలిచిరి. కోర్టు ఆజ్ఞను ధిక్కరించిరని కొందరిని చెరసాలకు పంపిరి. తన యాలుబిడ్డలయొద్ద నుండుట నేరమైన ఆ వింత, పత్రికలలో పడగా దేశము కొంత సిగ్గుపడెను.

1966 నవంబరు 16వ తేది రాత్రి బీబీసీవారు ప్రసారము చేసిన ‘కేథీ కమ్ హోమ్’ అను నాటకమును కోటిమందికి పైగా చూచిరి. జెరిమీ శాండ్‌ఫర్డ్ రచించి కెన్ లోచ్ దర్శకత్వము వహించిన ఆ నాటకమున, సామాన్య దంపతులు మెట్టుమెట్టుగా దిగజారి, తుదకు రైలుస్టేషనులో తల్లి చేతినుండి బిడ్డలను అధికారులు లాగుకొనిపోవుదురు. రెండువారములకు నిరాశ్రయుల కొరకు షెల్టరు అను సంస్థ యేర్పడినది. అంతటి సంచలనము కలిగియు చట్టము వచ్చుటకు మరి పదకొండేండ్లు పట్టెను. 1977లో ఐల్ ఆఫ్ వైట్ ప్రతినిధి, లిబరలు పక్షీయుడైన స్టీఫెన్ రాస్ ప్రవేశపెట్టిన చట్టము ఇల్లు లేనివారి బాధ్యతను సంక్షేమశాఖనుండి తీసి గృహశాఖ కిచ్చెను. గోడ కూలినది ఇక్కడనే. అదే సంవత్సరమున మన ఆంధ్రప్రదేశమున భిక్షాటన నిరోధక చట్టము వచ్చినదని జ్ఞాపకము చేయుట అప్రస్తుతము కాదనుకొందును.

ఆ గోడ కూలిన తావున పార్లమెంటు సభ్యులు మూడు కంచెలు పాతిరి. పిల్లలు గలవారు, గర్భిణులు, వృద్ధులు, రోగులు మొదలగువారికే హక్కు. ఒంటరిగా నున్న ఆరోగ్యవంతునికి సలహా మాత్రమే. బుద్ధిపూర్వకముగా ఇల్లు పోగొట్టుకొన్నవానికి హక్కు తక్కువ. ఇక మూడవది ‘స్థానిక సంబంధము’: గత పన్నెండు నెలలలో ఆరు నెలలో, ఐదేండ్లలో మూడేండ్లో ఆ ప్రాంతమున నివసించియుండుట, లేక అచట ఉద్యోగమో బంధువులో ఉండుట, లేనిచో సంబంధముగల మరియొక సభకు అప్పగింపవచ్చును. సముద్రతీరపు పట్టణములకు దేశమంతట నుండి జనులు వచ్చి పడుదురను భయముతో ఈ నిబంధనలు చేర్పబడినవి. 1662 నాటి నలువది దినములకును, పది పౌనులకును మనుమలు పుట్టిరి.

పోలిక కల్పితము కాదనుటకు 1978 నాటి యుదంతమొకటి చాలును. హీత్రో విమానాశ్రయము తన పరిధిలో నుండుటచే విదేశములనుండి దిగినవారి భారము తమపైననే పడుచున్నదని మొఱపెట్టుకొనుచుండిన హిల్లింగ్‌డన్ బరో సభ, కెన్యానుండి వచ్చిన ఒక భారతీయమూల కుటుంబమును టాక్సీలో నెక్కించి, లండను నడిబొడ్డున విదేశాంగశాఖ వాకిట దింపించెను. పొలిమేర దాటించిన బండి రూపమే మారినది. 1987లో లండనులోని టవర్ హామ్లెట్సు బరో సభ, బంగ్లాదేశమున తమకు ఇండ్లుండగా విడిచివచ్చిరి గనుక అచటి కుటుంబములు బుద్ధిపూర్వకముగా నిరాశ్రయులైరని వాదించెను. ఆ కుటుంబములలో పెక్కింటి పెద్దలు అప్పటికి చాలకాలమునుండి ఆ బరోలోనే బట్టలు కుట్టుచు, హోటళ్లలో పనిచేయుచు పన్నులు కట్టుచుండినవారే.

ఇంతలో 1980 చట్టముతో సభల యిండ్లలో అద్దెకున్నవారు వాటిని తగ్గింపు ధరకు కొనుక్కొను హక్కు పొందిరి. పదేండ్లలో పదిలక్షల పైచిలుకు ఇండ్లు అట్లు అమ్ముడుపోగా, వచ్చిన సొమ్ముతో క్రొత్తవి కట్టుటకు సభలకు తగినంత స్వేచ్ఛ లభింపలేదు. ఇచ్చుటకు బాధ్యత యున్నది, ఇచ్చుటకు ఇల్లు లేదు. సంసారములు నెలలకొలది అద్దె హోటళ్ల గదులలో ఒకే మంచముపై గడిపినవి. ఆ గదుల యద్దెకు సభలు చెల్లించిన ధనమును ఎవరైన కూడి చూచినచో ఎన్ని ఇండ్లు లేచెడివో! 2020 మార్చి చివర మహమ్మారి వ్యాపింపగా, వీధులలో నిదురించు నందరిని లోపలికి తీసికొనుడని ఇంగ్లండు ప్రభుత్వము సభలకు వ్రాసెను. పిల్లలున్నారా, తప్పెవరిది, ఏ యూరు అను విచారణ ఆ కొన్ని వారములు వెనుకబడెను. మరుసటి జనవరి నాటికి 37,000 మందికి ఆశ్రయము చూపినట్లు ప్రభుత్వమే తెలిపెను. ఆపదలో సాధ్యమైనది సామాన్యకాలమున సాధ్యముకాదని ఆ పిమ్మట తీర్మానించుకొనిరి.

స్కాట్లండు త్రోవ వేరు. 2012 చివరకు అచట మొదటి కంచెను తీసివేసిరి. ఒంటరివానికిని హక్కు కలిగెను. 2022 నవంబరులో స్థానిక సంబంధము లేదని ఒక సభ మరియొక సభకు అప్పగించు పద్ధతిని నిలిపివేసిరి. మరుసటి నవంబరున గ్లాస్గో, ఎడింబరో నగరసభలు గృహసంక్షోభమును ప్రకటించినవి. కారణములు పెక్కు, అందులో నొకటి, లండను ప్రభుత్వము శరణార్థులుగా నంగీకరించిన వెంటనే ప్రభుత్వపు వసతినుండి వెలుపల పడినవారు, ఇంగ్లండులో దక్కని హక్కు స్కాట్లండులో దక్కునని తెలిసి గ్లాస్గోకు చేరుచుండుట. నిర్ణయము చేయునది లండను, గది చూపవలసినది గ్లాస్గో. ఆ వ్యయమును ఎవరి ఖజానా భరింపవలెనను వివాదము రెండు ప్రభుత్వముల నడుమ ఇంకను తెగలేదు.